మైపాడు తాబేళ్ల తీరానికి అంతర్జాతీయ గుర్తింపు: దారి తెలిసినవాళ్లు చెప్పండి

నెల్లూరు తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు జనవరి నుంచి గుడ్లు పెడతాయి. గుంట మూరెడు లోతే, గుడ్లు మాత్రం నూరు దాకా. ఒడ్డున లైట్లుంటే పిల్లలు సముద్రం వదిలి రోడ్డుకేసి పాకుతాయి.

2019 సీఆర్‌జడ్ (తీర నియంత్రణ మండలి) నోటిఫికేషన్‌లో గుడ్లు పెట్టే చోటు 1ఏ అనే గట్టి రక్షణ ఉన్న విభాగం కిందికొస్తుంది. ఆ మండలి మ్యాపులో ఎక్కకపోతే ఏం లాభం?

మన దేశం 2007లో ఐఓఎస్ఈఏ (హిందూ మహాసముద్రం, ఆగ్నేయాసియా) తాబేళ్ల ఒప్పందంపై సంతకం చేసింది. దాని ముఖ్య స్థలాల జాబితాకు ప్రతిపాదన సభ్యదేశమే పంపాలి, సంఘాలు నేరుగా పంపలేవు. మైపాడు పక్క తీరం కోసం అటవీశాఖ నుంచి కేంద్రానికి ఫైలు ఎలా కదిలించాలి? ఎన్ని సీజన్ల లెక్క అడుగుతారు? తాబేళ్లు ఇసుకలో పాకిన జాడలు లెక్కిస్తే సరిపోదు, గుడ్లు పెట్టకుండా వెనుదిరిగినవీ వాటిలో ఉంటాయి. గూళ్లను జీపీఎస్‌తో విడిగా చూపాలా? ఇలాంటి ఫారం నింపినవాళ్లుంటే ఎక్కడ తిరగ్గొట్టారో కూడా చెప్పండి.