ఓట్ రూట్‌కి గైడ్ కావాలా, అక్కర్లేదా?

శ్రీను_జ్యూరిక్:
ఏప్రిల్లో నలుగురం ఓట్ రూట్‌ని, అంటే ఆల్ప్స్‌లో ఫ్రాన్స్‌లోని షామొనీ నుంచి స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ దాకా ఉన్న కొండదారిని, స్కీల మీద చేద్దామనుకుంటున్నాం. ఆరు రోజులు, రాత్రుళ్ళు కొండల మీది హట్లలో (బస గృహాల్లో). అందరికీ స్కీల మీద కొండలెక్కి దిగే టూరింగ్‌లో కొన్ని సీజన్ల అనుభవం ఉంది, అవలాంచ్ (మంచుచరియల) కోర్సు చేశాం, క్రెవాస్‌లో (గ్లేసియర్ మంచులోని లోతైన చీలికలో) పడ్డవాణ్ణి తాడుతో పైకి లాగడం నేర్చుకున్నాం. గైడ్‌ని పెట్టుకుంటే ఖర్చు బాగా పెరుగుతుంది. ఇద్దరం వద్దంటున్నాం, ఇద్దరు లేకపోతే రామంటున్నారు. ఇంట్లో అయితే ఇంకా చెప్పలేదు. మీరేమంటారు?

గ్లేసియర్_గోపి:
డబ్బు దండగ బ్రదర్. స్విస్ ప్రభుత్వ స్విస్‌టోపో మ్యాప్‌లో 30 డిగ్రీలు దాటిన, మంచుచరియలు జారే వాలులన్నీ రంగులతో కనిపిస్తాయి. దావోస్‌లోని మంచు పరిశోధన సంస్థ ఎస్ఎల్ఎఫ్ వాళ్ళ మంచుచరియల బులెటిన్ సీజన్లో సాయంత్రం 5కి, పొద్దున 8కి వస్తుంది. ఏప్రిల్లో ఆ దారంతా జనమే, ముందు వెళ్ళినవాళ్ళ ట్రాకులు ఉంటాయి. గైడ్ ఉన్నాడంటే గ్రూపులో ఇంకెవరూ బుర్ర పెట్టరు. 2018 ఏప్రిల్ చివర్లో ఇదే దారిలోని పీన్ దారోలా శిఖరం దగ్గర ఏమైంది? గైడ్ వెంట ఉన్న గ్రూపే డిక్స్ హట్ నుంచి బయల్దేరి తుఫానులో చిక్కుకుంది. విన్యెట్ హట్ అంత దగ్గర్లో ఉన్నా రాత్రంతా బయటే గడిపారు. ఏడుగురు పోయారు, గైడ్‌తో సహా.

హిమజ_మ్యూనిక్:
గోపి గారూ, సగమే చెప్పారు. ఆ రాత్రి బయట చిక్కుకున్నది 14 మంది. వాళ్ళలో గైడ్ లేని నలుగురి గ్రూపు కూడా ఉంది. 2024 మార్చిలో టెట్ బ్లాంష్ కొండ దగ్గర తుఫానులో చిక్కుకున్న ఆరుగురి సంగతి? జెర్మాట్ నుంచి ఆరోలా ఊరికి వెళ్తున్నారు. గైడ్ లేడు, కానీ ఎక్కువమంది ఆ కొండలు తెలిసిన లోకల్ మనుషులే. అయిదుగురి శవాలు మర్నాడు దొరికాయి. ఇక ట్రాకులంటారా, గాలి లేస్తే అరగంటలో మాయమవుతాయి. పైగా ముందు వెళ్ళినవాడి కింద, క్రెవాస్‌ని కప్పిన మంచు వంతెన ఆగిందని మీ కింద కూడా ఆగాలని లేదు.

బస్తీ_బాలుడు:
హైదరాబాద్‌లో పొద్దున్నే చలిగా ఉంటే మంకీ క్యాప్ తీయనివాణ్ణి, కాబట్టి నా ఓటు లెక్కలోకి రాదు. ఒక్క డౌట్. మంచుచరియ కింద ఎవరైనా కూరుకుపోతే హెలికాప్టర్ వస్తుందిగా, ఇంత టెన్షన్ ఎందుకు?

హిమజ_మ్యూనిక్:
వస్తుంది, కానీ ఎప్పటికి? మొదటి 10-15 నిమిషాలు దాటితే బతికే అవకాశం గబగబా పడిపోతుంది. కాబట్టి తవ్వి తీయాల్సింది పక్కనున్నవాళ్ళే. ట్రాన్సీవర్ (కూరుకుపోయినవాళ్ళ జాడ పట్టే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడుగు కడ్డీ), పార ఒక్కొక్కరి దగ్గరా ఉండాలి. తుఫానులో హెలికాప్టర్ ఎగరదు. ఈ దారిలోని స్విస్ భాగం ఉన్న వాలే రాష్ట్రంలో అత్యవసరానికి 144 నంబరు, మిగతా స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ రెస్క్యూ సంస్థ రేగా వాళ్ళ 1414. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. వెళ్ళేముందు ఇన్సూరెన్స్‌లో రెస్క్యూ ఖర్చు వస్తుందో లేదో చూసుకోండి శ్రీనూ.

లావణ్య_లోజాన్:
మీ ఇద్దరి గొడవా అసలు ప్రశ్నని పక్కన పడేసింది. శ్రీను గారూ, ఆరు రోజులన్నారు. ఏడో రోజు పొద్దున ఎక్కడుండాలి? ఆఫీసులోనా? అయితే గైడ్ ఉన్నా లేకున్నా మీ ప్లాన్‌లో అదే పెద్ద లోపం. హట్లకి బుకింగ్ చేసి, అడ్వాన్సులు కట్టి, లీవు పెట్టాక, వాతావరణం బాగోదని తెలిసినా "పోదాంలే, సాయంత్రానికి కదా చెడిపోయేది" అనిపిస్తుంది. ఎండాకాలం చివర్లో మామిడికాయల కోసం బేరం ఆడినట్టు తుఫానుతో గంటల బేరం మొదలవుతుంది. కనీసం ఒక రోజు ఖాళీగా పెట్టుకోండి. ఎక్కడెక్కడ దిగిపోవచ్చో ముందే మ్యాప్‌లో గీసుకోండి. విన్యెట్ నుంచి ఆరోలాకి దిగితే బస్సు దొరుకుతుంది. అక్కడికి ఆపేస్తే జెర్మాట్ వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది. బులెటిన్‌లో మంచుచరియల ప్రమాద స్థాయి 3 అని వస్తే "5లో 3 కదా, మధ్యస్థమే" అనుకోవద్దు. స్విట్జర్లాండ్‌లో మంచుచరియల మరణాల్లో దాదాపు సగం ఆ స్థాయి ఉన్న రోజుల్లోనే.
గైడ్ విషయానికొస్తే, నలుగురిలో తెల్లటి పొగమంచులో జీపీఎస్, దిక్సూచి పట్టుకుని గ్లేసియర్ దాటించగలిగేవాళ్ళు కనీసం ఇద్దరు ఉన్నారా? ఒక్కరే ఉంటే పెట్టుకోండి. ఆ ఒక్కరికి కాలు విరిగితే మిగతా ముగ్గురు ఏం చేస్తారు?

గ్లేసియర్_గోపి:
ఆ ఖాళీ రోజు మాట ఒప్పుకుంటా. గైడ్ మాట ఒప్పుకోను.

శ్రీను_జ్యూరిక్:
లావణ్య గారూ, నిజం చెప్పాలంటే అలా దాటించగలిగేది మాలో ఒక్కరే. ఆ ఒక్కరు గైడ్ వద్దన్న ఇద్దరిలో లేరు. మొత్తం దారికి కాకుండా, విన్యెట్ నుంచి జెర్మాట్ దాకా ఉన్న చివరి రోజుకి మాత్రమే గైడ్ దొరుకుతాడా? ఎవరైనా అలా చేశారా?

హిమజ_మ్యూనిక్:
ఆరోలా, జెర్మాట్‌లలోని గైడ్స్ ఆఫీసులకి మెయిల్ పెట్టి అడగండి. కానీ పీన్ దారోలా దాటేది దానికి ముందు రోజు, డిక్స్ నుంచి విన్యెట్‌కి వచ్చేటప్పుడు. అడిగేటప్పుడు ఆ రోజుని కూడా కలిపి అడగండి. ఇంట్లో కూడా చెప్పండి.