చెరువు గట్టున బరస్ట్ మోడ్: సాధనా, అడ్డదారా?

గట్టునడక:
రోజూ పొద్దున్నే చెరువు చుట్టూ నడుస్తూ ఫొటోలు తీయడం నేర్చుకుంటున్నా. పది రోజుల కిందట గంటన్నరలో 1,100 ఫ్రేములు తీశా. బరస్ట్ మోడ్‌లో, అంటే బటన్ నొక్కి పట్టుకుంటే కెమెరా వరసగా తీసుకుంటూ పోయే పద్ధతిలో, సెకనుకు 20 చొప్పున నొక్కితే అంతే మరి. ఇంటికొచ్చి చూస్తే దాచుకోదగ్గవి నాలుగు. అవి కూడా కెమెరా తీసినవే, నేను తీసినవి కావనిపించింది. నేర్చుకునే రోజుల్లో బరస్ట్ ఆపేసి, నొక్కుకు ఒక్క ఫ్రేమే తీయాలంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

ఒంటికాలి కొంగ:
కాదనేవాళ్లలో నేనే మొదటి బోణీ. లకుముకి పిట్ట నీళ్లలో పడి పైకి లేవడమంతా రెప్పపాటు వ్యవహారం. కంటికి కనబడి వేలు కదిలేసరికే సెకనులో ఐదో వంతు పోతుంది. ముక్కున చేప అడ్డంగా ఉన్న ఆ క్షణం ఒక్క నొక్కుకు దొరికిందంటే అది అదృష్టం, సాధన కాదు. ఫిల్ము రోజుల్లో రీలుకు 36తో సరిపెట్టుకున్నారంటారా? గతిలేక!

గట్టునడక:
వేలు ఆలస్యమే, ఒప్పుకున్నా. అందుకే ముందే కనిపెట్టాలంటున్నా. లకుముకి దూకేముందు తల కిందికీ పైకీ ఆడిస్తుంది. పని కాగానే చాలాసార్లు మళ్లీ ఆ కొమ్మకే వస్తుంది, ఫోకస్ అక్కడ పెట్టుకుని కూర్చోవచ్చు. పెద్ద పిట్టలైతే గాలికి ఎదురుగా లేస్తాయి, లేచేముందు తరచూ రెట్ట వేస్తాయి. నవ్వకండి, నాకు దొరికిన మొదటి మంచి ఫొటోకి ముహూర్తం పెట్టింది ఆ రెట్టే. బరస్ట్ మానేసిన ఈ వారంలోనే ఇవన్నీ నా కంటబడ్డాయి.

రెల్లుపొద:
ఇద్దరూ వేగం దగ్గరే ఆగిపోయారు. గట్టు మీద నా ఫొటోలు ఎక్కువగా చెడేది వెలుతురు దగ్గర. తెల్లకొంగ చెట్టునీడ పడ్డ నల్లటి నీళ్ల ముందు నిలబడిందనుకోండి. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఆ నలుపును చూసి ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకి అందే వెలుతురు, పెంచేస్తుంది. మెడ దగ్గరి సన్నటి ఈకలన్నీ కలిసిపోయి గోడకు సున్నం వేసినట్టుంటుంది. ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించకపోతే 20 ఫ్రేముల్లోనూ అదే సున్నం! ఒక్కటి తీసి, హిస్టోగ్రామ్ (ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫు) చూసి, సరిచేసి, మళ్లీ తీస్తేనే ఏం తప్పు చేశామో తెలుస్తుంది. నిలబడ్డ కొంగకు బరస్ట్ దండగ. దూకే పిట్టకు, షట్టర్ వేగం సెకనులో 1/2000 వంతు పెట్టుకుని, వాడుకోండి. నాకేం అభ్యంతరం లేదు.

ఒంటికాలి కొంగ:
సున్నం మాట నాకే తగిలింది. నిన్నటి కార్డు తీసి చూశా, వరసగా 43 తెల్ల మచ్చలు. పైగా చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టానేమో, అది ఫొటోని ఒక్కో వరసగా చదివేలోపు కదిలిపోయి, ఎగిరేవాటి రెక్కలు అరిటాకుల్లా వంగాయి. సరే, రేపు నొక్కుకు ఒక్కటే. లకుముకి తల ఆడించిందంటే మాత్రం మాట తప్పుతా, ముందే చెబుతున్నా.