వ్యాపారమా, వ్యాపారీకరణా?

ప్రశ్న (బరంపురం): మా వీధి పండగ పందిరి నిండా ఈసారి కంపెనీల బోర్డులే. కుర్రాళ్ళం కలిసి తెలుగులో ఒక కరపత్రం వేద్దామనుకుంటున్నాం. యాంటీ కమర్షియలిజం అనడానికి ‘వాణిజ్య వ్యతిరేకత’ అని రాస్తే సరిపోతుందా అండీ?

జవాబు (పర్లాకిమిడి): సరిపోదు బాబూ. అలా రాస్తే వర్తకం మీదే కత్తి కట్టినట్టుంటుంది. మీ ఊళ్ళో పట్టు నేసే మన దేవాంగులకి అమ్మకం లేకపోతే మగ్గం ఆడదు. ఒడియా వాళ్ళయితే కార్తీక పున్నమికి చిన్న పడవలు నీళ్ళలో వదిలి, సముద్రం దాటి వర్తకానికి పోయిన సాధబులను తలుచుకుంటారు. వాణిజ్యం అంటే వణిక్కు (వర్తకుడు) చేసే పని, అంతే. అందులో తిట్టేమీ లేదు.

మీకు కావలసింది ‘వ్యాపారీకరణ’. పత్రికల్లో ‘విద్యా వ్యాపారీకరణ’ అని చూసే ఉంటారు. కీలకమంతా మధ్యలో వచ్చిన ఆ ‘ఈ’లో ఉంది. సంస్కృత వ్యాకరణంలో దాన్ని చ్వి ప్రత్యయం అంటారు. ముందు అలా లేనిది అలా మారినప్పుడే అది వస్తుంది. 1969లో బ్యాంకులకు జరిగింది జాతీయీకరణ. అప్పటిదాకా ప్రైవేటు చేతుల్లో ఉన్నవి ప్రభుత్వానివయ్యాయి. అలాగే వ్యాపారం కానిదాన్ని వ్యాపారం చేస్తే వ్యాపారీకరణ. కిరాణా కొట్టుని ఎవరూ వ్యాపారీకరించలేరు, అది పుట్టుకతోనే వ్యాపారం. బడినీ, గుడినీ, పండగనీ చేయగలరు. మీ గోల సరిగ్గా అదే కదా!

అన్నట్టు, ‘వ్యాపారం’ కూడా మొదట్లో డబ్బు మాట కాదు. సంస్కృతంలో పని, చేష్ట అని అర్థం. ‘మనోవ్యాపారం’ అన్నప్పుడు ఇప్పటికీ ఆ అర్థంలోనే వాడుతున్నాం.

రాయగడ నుంచి: మాస్టారూ, ‘వ్యాపారీకరణ వ్యతిరేకత’ అని పైన వేస్తే ఎవరు చదువుతారండీ? ‘అంగడి సరుకు చేసేశారు’ అంటే ముసలమ్మకి కూడా అర్థమవుతుంది.

పర్లాకిమిడి: నిజమే. అంగడి, సరుకు రెండూ ద్రావిడ మాటలే, తమిళంలోనూ ఉన్నాయి. ‘పండగను అంగడి సరుకు చెయ్యొద్దు’ అని పైన పెద్దక్షరాల్లో వేయండి. వ్యాపారీకరణ అన్నది లోపల ఒక్కచోట వస్తే చాలు. ‘వ్యాపారవాదం’ జోలికి మాత్రం పోకండి. ఇజం కనబడగానే వాదం అతికించడం మనకో జబ్బయింది.

బరంపురం: అలాగే మాస్టారూ. ఇంకో చిక్కుంది. అచ్చు ఖర్చు ఒక నగల కొట్టాయన పెట్టుకుంటానన్నారు. కరపత్రం కింద కొట్టు పేరు వేయాలట.