సమస్య: కర్త తానె తినును కఱ్ఱదెబ్బ

ఛందస్సు ఆటవెలది. విషయం లాటిన్ క్రియ ‘వాపులో’. అర్థం ‘దెబ్బలు తింటున్నాను’. వాపులో, వాపులారే, వాపులావీ అంటూ అన్నీ కర్తరి రూపాలే, అర్థం మాత్రం కర్మణి. కర్తను వ్యాకరణపు కర్తగా తీసుకుంటే సమస్యలోని విరోధం విడిపోతుంది.

పూరణ 1

రూపు చూడఁ గర్త. వాపులో యను మాట
యర్థ మరయఁ గర్మ, యందువలన
రోము నాటకమున స్వామి యల్గిన వేళ
కర్త తానె తినును కఱ్ఱదెబ్బ.

– రూపు–వాపు, రోము–స్వామి ప్రాసయతులు చక్కగా కుదిరాయండీ. దెబ్బ తగిలాక వచ్చే వాపు కూడా మాటలోనే వినిపిస్తోంది! రోమన్ నాటకకర్త ప్లౌటుస్ ప్రహసనాల్లోని బానిసలకు సరిగ్గా సరిపోయింది.

పూరణ 2

వాపులా యటన్న బానిసల పలుకు
కొట్టు మనుట గాదు; కుడువు మనుట;
యాజ్ఞయందుఁ గూడ నర్థంబు మారదు
కర్త తానె తినును కఱ్ఱదెబ్బ.

– రెండో పాదం అద్భుతం. ‘వాపులా’ అంటే ‘పో, తన్నులు తిను’ అనే తిట్టు. కొత్తవాళ్లు ‘వాపులత్’ చూసి ‘కొడుతున్నాడు’ అని రాసేస్తారు. దానికి ‘వెర్బెరత్’ కావాలి.

పూరణ 3

లాటిన్ భాషయందు రాదు కర్మణి రూపు
వాపులోకు; నిచట బాధ తనకె;
కొట్టువాఁడు వేఱు; గుర్తుగ నబు వచ్చు
కర్త తానె తినును కఱ్ఱదెబ్బ.

– మొదటి గణం తప్పిందండీ. ‘లాటిన్’ రెండు గురువులు. అక్కడ సూర్యగణం (న లేదా హ) ఉండాలి. ‘లాటి ననెడి నుడిని’ అంటే హ, న, న గణాలు వస్తాయి, లా–రా యతీ నిలుస్తుంది.

భావానికి మాత్రం నా ఓటు దీనికే. కీలకమైన ‘అబ్’ను (మన ‘చేత’ లాంటి లాటిన్ మాట) పట్టింది. రోమన్ పండితుడు క్వింటిలియన్ అలంకారగ్రంథం 9వ భాగంలో సాక్షిని అడిగిన ప్రశ్న చూడండి: ‘అబ్ రెఓ ఫుస్తిబుస్ వాపులాస్సెత్’, అంటే ముద్దాయి చేత కఱ్ఱలతో దెబ్బలు తిన్నాడా అని. ‘రెఓ’ (ముద్దాయి), ‘ఫుస్తిబుస్’ (కఱ్ఱలు) రెండు మాటలకూ విభక్తి ఒకటే. కొట్టిన మనిషికి ‘అబ్’ చేరింది, కొట్టిన కఱ్ఱకు చేరలేదు. ‘అబ్’ వదిలేస్తే ముద్దాయి కూడా కఱ్ఱ లాంటి సాధనమైపోతాడు.

– కఱ్ఱే అక్కర్లేదు కూడా. సిసెరో ఉత్తరంలో ‘ఓమ్నియుమ్ సెర్మోనిబుస్ వాపులారే’ అంటే అందరిచేతా మాటలు పడటం. దీని మీద ఇంకా ఎవరూ పూరించలేదు.

వచ్చే సమస్య ఇదే జాతి క్రియ ‘వేనెఓ’ మీద. ‘వేనుమ్’ (అమ్మకానికి) + ‘ఎఓ’ (పోతాను), అచ్చంగా మన ‘అమ్ముడుపోవు’. దాని వర్తమానరూపం ‘వేనిత్’, ‘వచ్చాడు’ అనే అర్థమున్న మరో ‘వేనిత్’తో అక్షరం తేడా లేకుండా కలిసిపోతుంది:

వచ్చె నన్న నమ్మఁబడును సుమ్ము