సీనియరే నోరు జారితే నియమావళి ఎలా అమలు చేయాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. తెలుగు స్పెల్‌చెకర్ ఒకటి ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టి, ఎవరైనా మార్పులు పంపేలా నడుపుతున్నాం. చూసుకునేది ముగ్గురం. ఇలాంటి ప్రాజెక్టులు చాలా వాడుకునే నమూనా నియమావళి కాంట్రిబ్యూటర్ కవెనెంట్ 2.0 వెర్షన్‌నే మా ప్రవర్తనా నియమావళిగా పెట్టుకున్నాం.

పోయిన నెల గుణుపురం నుంచి ఒక కొత్తమ్మాయి మా వైపు వాడే మాటలు ఓ నలభై చేర్చి ప్యాచ్ (కోడ్‌లో చేర్చమని పంపే మార్పు) పంపింది. మా సీనియర్ దాని కింద "ఒడిశా తెలుగు కూడా తెలుగేనా? ముందు భాష నేర్చుకుని రా" అని రాశారు. ఆ అమ్మాయి ప్యాచ్ వెనక్కి తీసుకుంది. నాకు విడిగా ఫిర్యాదు చేసి, చెప్పింది తనేనని ఎవరికీ తెలియనివ్వొద్దంది.

నియమావళిలో నాలుగు మెట్లున్నాయి. దిద్దుబాటు, హెచ్చరిక, తాత్కాలిక నిషేధం, శాశ్వత నిషేధం. ఇంతకంటే చిన్న మాటకే నిరుడు ఒక కొత్త కుర్రాణ్ణి నెల రోజులు నిషేధించాం. సగం కోడ్ రాసినాయన కదా అని ఈయన్ని ఉత్త హెచ్చరికతో వదిలేస్తే అది అన్యాయమే. కానీ నాకు ఈ పని నేర్పింది ఆయనే. మూడో సభ్యుడు ఆయనకు స్వయానా బావమరిది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మీ ప్రాజెక్టుల్లో ఇలాంటప్పుడు తీర్పు ఎవరు చెప్పారు? బయటివాళ్లను పిలిచారా? ఫిర్యాదు ఎవరిదో బయటపడకుండా నిర్ణయాన్ని ఎలా ప్రకటించారు? ఆ అమ్మాయిని మళ్ళీ ఏ ముఖంతో పిలవాలో కూడా చెప్పండి.