దసరా సెలవులకి పిల్లలు వస్తున్నారు: చేత్తో చేసే పని ఏదైనా నేర్పేవాళ్ళు విజయనగరం, శ్రీకాకుళం వైపు ఉన్నారా?

అయ్యకోనేరు గట్టు (ప్రశ్న):

మా అప్ప (అక్క) పిల్లలు బెంగళూరు నుంచి వస్తున్నారు. పాపకి పన్నెండు, బాబుకి ఎనిమిది. అక్కడ వాళ్ళకి శని, ఆదివారాలు వస్తే చాలు, కుండలు చేయడం, కొవ్వొత్తులు పోయడం, తివాచీ కుట్టడం అంటూ ఏదో ఒక స్టూడియోకి తీసుకెళ్తారట. రెండు గంటలకి మనిషికి పదిహేను వందలు. పాప ఫోన్లోనే అడిగేసింది, "పిన్నీ, మీ ఊళ్ళో ఏం చేయిస్తావ్?" అని.

పోయిన వేసవిలో దగ్గర్లోనే ఒకచోట క్రాఫ్ట్ క్యాంపు అంటే తీసుకెళ్ళాను. పేరెందుకులెండి. బజార్లో కొన్న ప్రమిదలు, నాలుగు రంగు డబ్బాలు ముందు పెట్టి "వేసుకోండి" అన్నారు. మధ్యలో ఒక సమోసా, చివర్లో సర్టిఫికెట్. "ఇది మాకు స్కూల్లోనే చేయిస్తారు పిన్నీ" అంది పాప. మళ్ళీ అలాంటిది వద్దు.

విజయనగరం నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలి. మా ఆయనకి సెలవు దొరకదు కాబట్టి బస్సో రైలో. మా అత్తగారు రామతీర్థం తీసుకెళ్ళమంటున్నారు, అది ఎలాగూ వెళ్తాం. నేనడిగేది పిల్లలు చేతులు పెట్టి చేసే పని గురించి.

డేఅండ్‌నైట్ కుర్రోడు:

వేసవైతే భీమాలి పంపించేవాడిని. మామిడి రసం చాపల మీద పొర మీద పొర పోసి ఎండబెట్టి తాండ్ర చేస్తారు, పిల్లలకి పండగే. దసరాకి తాండ్ర తినడమే తప్ప చేయడం ఉండదు.

బుడితి ఇత్తడి సామాను గురించి ఎవరో ఒకరు చెప్తారు, ముందే అంటున్నా. సరుబుజ్జిలి, సారవకోట వైపు చుట్టాలున్న మాకే దారి తలనొప్పి. పైగా అక్కడ కొలిమి, కరిగించిన లోహం. ఎనిమిదేళ్ళ వాడిని పక్కన పెట్టుకుని చూడ్డం నా వల్ల కాదు. పెద్దవాళ్ళు వెళ్ళి చెంబో గంటో కొనుక్కోవడానికి బాగుంటుంది.

పొందూరు కోడలు:

నాది పొందూరు కాదు, పెళ్ళయ్యాక వచ్చాను. ఇక్కడ హైస్కూల్లో పాఠాలు చెప్తాను. మా అత్తయ్య ఇప్పటికీ రాట్నం వడుకుతుంది. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

టికెట్టు కొని వెళ్ళే క్లాసు మన రెండు జిల్లాల్లో వెతక్కండి. ఉన్నా మీరు పోయిన వేసవిలో చూసినలాంటిదే అవుతుంది. మన దగ్గర ఉన్నది పని. దాని మీద ఇల్లు గడిచేవాళ్ళు రోజూ చేసే పని. ముందుగా అడిగి, వాళ్ళకి తీరిక ఉన్నప్పుడు వెళ్ళి, పక్కన కూర్చుని, అందులో చిన్నపిల్లల చేతికి లొంగే ముక్క ఏదో అది చేయాలి. ఏ ముక్క ఎవరికి ఇవ్వాలన్నదే తెలియాలి, మిగతాది తేలిక.

పొందూరు ఖద్దరులో పత్తి దగ్గర్నుంచి బట్ట దాకా అంతా చేతి మీదే. మొదటి పని పత్తి ఏరి, వాలుగ చేప దవడతో దువ్వడం. అవును, చేప దవడే. సన్నటి పళ్ళు వరసగా ఉంటాయి. గింజకి అంటుకుని ఉన్న దూదిని దాంతో దువ్వుతుంటే చెత్త, పొట్టి పోగులు రాలిపోయి, మిగిలిన పోగులు ఒకే వైపు పడుకుంటాయి. ఈ పని పిల్లలకి ఇవ్వరు, అడగొద్దు కూడా. దవడలు గోదావరి వైపు నుంచి తెప్పించుకోవాలి, ఒక పన్ను విరిగితే మా అత్తయ్య మొహం చూడలేం.

తర్వాత గింజ తీయడం. ఇది మీ బాబుకి. చిన్న చెక్క పలక మీద పత్తి పెట్టి, సన్నటి ఇనుప కడ్డీని అరచేత్తో నొక్కుతూ ముందుకి దొర్లించాలి. నొక్కు సరిగ్గా పడితే గింజ టక్కున ముందుకి జారి పడుతుంది, దూది వెనక ఉండిపోతుంది. గట్టిగా నొక్కితే గింజ చితికి దూదికి మరక. నెమ్మదిగా నొక్కితే ఏమీ జరగదు. మా స్కూలు పిల్లల్ని తీసుకొస్తే మగపిల్లలు దీన్ని వదిలి లేవరు, ఎవరి గింజ ఎంత దూరం పోయిందని పందేలు కూడా.

గింజ పోయిన దూదిని చిన్న వింటితో ఏకుతారు. అది కాసేపు చూడండి చాలు. ఏకిన దూదిని పుల్ల చుట్టూ చుట్టి ఏకులు చేయడం మాత్రం పాప చేయగలదు. వేలితో ఒత్తకుండా చుట్టాలి. చేసిన ఏకుల్ని ఎండిన అరటి దొప్పలో చుట్టి దాస్తారు, మెత్తదనం పోకుండా. ఆ దొప్ప విప్పి చూపించినప్పుడు అందరూ ముట్టుకోబోతారు. అత్తయ్య చెయ్యి అడ్డం పెడుతుంది. చేతి చెమట తగలకూడదు.

ఇక రాట్నం. కుడి చేత్తో చక్రం తిప్పాలి, ఎడమ చేతిలో ఏకు పట్టుకుని వెనక్కి లాగాలి. పిల్లలందరూ చక్రం మీద దృష్టి పెడతారు. పని జరిగేది ఎడమ చేతిలో. పురి (మెలి) ఎక్కకముందే లాగితే పుటుక్కుమంటుంది. లాగడం ఆలస్యమైతే నూలు మీద నూలు మెలికలు పడి ముడి అయిపోతుంది. మొదటి గంటలో ఎవరికీ నూలు రాదు, వచ్చేది పేలికలే. ఈ మాట పిల్లలకి ముందే చెప్పి తీసుకురండి, లేకపోతే ఏడుపు మొహం పెడతారు. పాపకి పట్టు దొరికితే ఒక జానెడు సాఫీగా వస్తుంది. అప్పుడు చూడండి ఆ మొహం.

ఎంత సన్నం అని అడుగుతారు కాబట్టి లెక్క చెప్తాను. ఇక్కడ 100వ నంబరు నూలు మామూలు మాట. నంబరు అంటే ఒక పౌను బరువుకి 840 గజాల చుట్టలు ఎన్ని వస్తాయన్న లెక్క. అంటే 100వ నంబరులో ఒక్క గ్రాము దూది నుంచి దాదాపు 170 మీటర్ల నూలు. మా ఏడో తరగతి వాళ్ళకి ఈ లెక్క బోర్డు మీద వేయించాను, ఒకడూ నమ్మలేదు. రాట్నం ముందు కూర్చున్నాక నమ్మారు.

ఒక్క ఇబ్బంది: ఫ్యాన్ వేయరు. దూది ఎగిరిపోతుంది. బెంగళూరు పిల్లలకి అక్టోబరు ఉక్క అలవాటుండదు. పలుచటి బట్టలు వేయండి, నీళ్ళ సీసాలు తెచ్చుకోండి.

దారి: పలాస వైపు వెళ్ళే ప్యాసింజర్ ఎక్కితే పొందూరులో దిగొచ్చు, బయట ఆటోలుంటాయి. బస్సైతే శ్రీకాకుళం బస్సెక్కి చిలకపాలెంలో దిగి, రాజాం వైపు వెళ్ళేది ఎక్కండి.

గుంట మగ్గం:

టీచరుగారు చెప్పినవి నిజమే గానీ నాదొక మాట. మా నాన్న నేత పని. కార్లు దిగి, "ఒకసారి మగ్గం మీద కూర్చోనివ్వండి" అని, నాడె (అడ్డపోగు విసిరేది) పట్టుకుని ఫొటో దిగి పోయేవాళ్ళని చాలామందిని చూశాం. వాళ్ళకది ఫొటో. సన్నటి పడుగు (నిలువు పోగులు), ఒక్క పోటు ఎక్కువ తక్కువైతే బట్ట మీద అడ్డగీత పడిపోతుంది. అది చివరిదాకా కనిపిస్తుంది. తెగిన పోగు వెతికి అతకడానికి మా నాన్నకి కళ్ళద్దాలు, ఇంకో మనిషి, అరపూట.

పిల్లల్ని తీసుకెళ్ళండి, కాదనను. మగ్గం దగ్గర మాత్రం చేతులు కట్టుకుని చూడమనండి. గుంటలో కాళ్ళు ఎలా ఆడుతున్నాయో, పైన చేతులు ఎలా ఆడుతున్నాయో వంగి చూస్తే అదే పెద్ద పాఠం.

పొందూరు కోడలు:

తమ్ముడూ, నూటికి నూరుపాళ్ళు. నేను మా స్కూలు పిల్లల్ని కూడా మగ్గం ఎక్కనివ్వను. అందుకే పత్తి పనులే చెప్పాను, అక్కడ పాడైతే గుప్పెడు దూది పాడవుతుంది, అంతే.

బొబ్బిలి ప్యాసింజర్:

పాపకి పన్నెండు అన్నారు కాబట్టి గొల్లపల్లి కూడా ఆలోచించండి. బొబ్బిలికి ఆనుకునే ఉంటుంది, విజయనగరం నుంచి రాయగడ లైనులో రైలు, లేదా బస్సు. వీణలు చేసే ఊరు.

మా అమ్మాయి వీణ నేర్చుకుంటోంది. మైనం కరిగి మెట్లు కదిలితే మేళం కట్టించడానికి, అంటే మెట్లు మళ్ళీ కుదిర్చి పెట్టించడానికి, అక్కడికే తీసుకెళ్తాను. దండి (వీణ పొడవాటి మెడ) మీద నల్లటి మైనపు ముద్దని రెండు గట్లుగా పరిచి, వాటి మీద 24 మెట్లు కూర్చోబెడతారు. మెట్టు ఎక్కడ పెట్టాలో కొలబద్దతో కాదు, చెవితో చూస్తారు. ఆయన మెట్టుని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతుంటే, తీగ మీటే పని మా అమ్మాయికి ఇచ్చారు. "మీటు... ఇంకోసారి... ఆఁ, ఇప్పుడు విను" అంటూ. మెట్టు తన చోట కూర్చున్న క్షణం దానికి కూడా తెలిసిపోయింది, నా మొహం వంక చూసింది. నాకేమో రెండూ ఒకేలా వినిపించాయి.

చెక్కడం మాత్రం పిల్లల పని కాదు. ఒకే పనస దుంగలోంచి కుండ, దండి అన్నీ తొలిచే ఏకాండి వీణకి ఒక ఉలి దెబ్బ తప్పితే దుంగ దండగ. బహుమతులకిచ్చే బుల్లి వీణలు కూడా చేస్తారు. బాబుకి అలాంటిదానికి గరుకు కాగితం పట్టే పని ఇవ్వమని అడిగి చూడండి. ఇస్తే ఇస్తారు, ఆర్డర్లు ఎక్కువుంటే ఇవ్వరు. ఫోన్ చేయకుండా వెళ్ళొద్దు.

వీణ మీద ఆసక్తి కలిగితే తిరుగు దారిలో మీ ఊళ్ళోనే మహారాజా సంగీత కళాశాల ఉంది కదా. 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. బయట నిలబడినా నాలుగు సరిగమలు వినిపిస్తాయి.

అయ్యకోనేరు గట్టు:

అందరికీ థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. రెండు సందేహాలు. ఒకటి, మా బావగారి వైపు అందరూ శాకాహారులు. చేప దవడ అంటే పాప ముట్టుకుంటుందో లేదో, వాసనేమైనా వస్తుందా? రెండోది అడగడానికి మొహమాటంగా ఉంది, ఎంత ఇవ్వాలి? ఎక్కువిస్తే చిన్నబుచ్చినట్టు, తక్కువిస్తే మరీ అన్యాయం.

రైలు మావయ్య:

అమ్మాయ్, నేను రైల్వేలో చేసి రిటైరయినవాణ్ణి. విశాఖ దాటి వెళ్ళే ఓపిక ఉంటే ఏటికొప్పాక, లక్క బొమ్మల ఊరు. నర్సీపట్నం రోడ్డులోనో, యలమంచిలిలోనో దిగి ఆటో. అంకుడు కర్రని తిప్పుతూ లక్క కర్ర ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి బొమ్మకి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. బొంగరం లాంటి చిన్న వస్తువు చేసేటప్పుడు మొగలి ఆకు పట్టే పని పిల్లలకి ఇవ్వొచ్చు. కానీ రాకపోకలకే రోజు సరిపోతుంది, నువ్వు చెప్పిన షరతుకి ఇది కుదరకపోవచ్చు.

అసలు సంగతి ఎవరూ చెప్పలేదేం? దసరా వెళ్ళిన మంగళవారం మన విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. ముందు రోజు తొలేళ్ళు, అదీ ఆ పండగలో భాగమే. ఆ రెండు రోజులూ ఏ ఊరి ప్రయాణమూ పెట్టుకోకు. చుట్టుపక్కల పల్లెలన్నీ పైడితల్లి గుడి దగ్గరే ఉంటాయి, మూడు లాంతర్ల కూడలి దాటడానికే గంట. నీ వీణలాయనా, నేతాయనా కూడా అక్కడే కనిపిస్తారు.

పొందూరు కోడలు:

చేప దవడకి వాసనేమీ ఉండదు. ఏళ్ళ తరబడి దూదిలో ఆడి ఆడి గాజు ముక్కలా నునుపుగా అయిపోయి ఉంటుంది. అయినా చెప్పాను కదా, దాన్ని పిల్లల చేతికి ఎలాగూ ఇవ్వం. చూడ్డానికి అభ్యంతరం లేకపోతే చాలు.

డబ్బు సంగతి. అత్తయ్యకి మీరేమీ ఇవ్వక్కర్లేదు, ఇస్తే నన్ను తిడుతుంది. ఇంకో ఇంటికి తీసుకెళ్ళి ఏకడం చూపిస్తాను, అక్కడ మాత్రం ఇవ్వాలి. నా పద్ధతి ఏమిటంటే, మనం వాళ్ళ దగ్గర కూర్చున్నంతసేపూ వాళ్ళ పని సగానికి సగం పడిపోతుంది. కాబట్టి పూట కూర్చుంటే రోజు కూలి లెక్క కట్టి, వెళ్ళేటప్పుడు కాదు, కూర్చోకముందే ఇచ్చేస్తాను. అప్పుడు ఇద్దరికీ మొహమాటం ఉండదు, ఆమె కూడా "తొందరగా లేస్తే బాగుణ్ణు" అనుకోకుండా నేర్పుతుంది. బెంగళూరు స్టూడియోకి కట్టే దాంట్లో సగం కూడా అవదు, అది మనం సిగ్గుపడాల్సిన విషయం గానీ ఇప్పుడు ఆ చర్చ వద్దు.

బట్ట కొనాలనుకుంటే 1949 నుంచి నడుస్తున్న ఖాదీ సంఘం దుకాణం ఊళ్ళోనే ఉంది. పత్తి ఇచ్చి నూలు తీసుకునేది, నేయించేది వాళ్ళే. గాంధీ జయంతి నుంచి ఖాదీకి రిబేటు పెడుతుంటారు, అడగండి. దయచేసి రాట్నం ముందు కూర్చున్న మనిషితో "మీ దగ్గరే తక్కువకి ఇస్తారా" అని బేరం పెట్టకండి. వాళ్ళ చేతిలో ఉన్నది నూలు, చీర కాదు.

పిల్లలు ఇంటికి తీసుకెళ్ళేది ఏమీ ఉండదని కూడా ముందే చెప్పండి. వాళ్ళు తీసిన ముక్కల నూలు అత్తయ్య ఒక పుల్లకి చుట్టి ఇస్తుంది. అక్కడక్కడ లావు, అక్కడక్కడ ముడులు.

అయ్యకోనేరు గట్టు:

ఖాయం. సిరిమాను అయ్యాక గురువారం పొందూరు వస్తాం. పాపకి నచ్చితే శనివారం గొల్లపల్లి. బాబు అప్పుడే అడుగుతున్నాడు, పందెంలో గింజ ఎంత దూరం పోవాలని.

పొందూరు కోడలు:

పొద్దున పదిలోపు వచ్చేయండి. మధ్యాహ్నం భోజనం కాగానే అత్తయ్య నడుం వాలుస్తుంది, ఆవిడని లేపే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. బయల్దేరే ముందు ఇక్కడే మెసేజ్ పెట్టండి, ఆటో అతనికి ఇల్లు చెప్పి ఉంచుతాను. భోజనం మా ఇంట్లోనే. ఆ రోజు చేపలు వండనులెండి.