ఏసీ, హీటింగ్ ఫిల్టర్: మెర్వ్ 8 సరిపోతుందా, 13 వేయాలా?

ప్రశ్న:
నమస్తే అండీ. మా ఇంట్లో హీటింగ్, కూలింగ్ రెండూ ఒకే డక్ట్ సిస్టమ్ మీద నడుస్తాయి, ఫిల్టర్ స్లాట్ ఒక ఇంచు మందం, ఇప్పటిదాకా మెర్వ్ 8 వేస్తున్నాం (మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత సన్న దుమ్ము పడుతుందో చెప్పే రేటింగ్). మా పాపకి డస్ట్ ఎలర్జీ, పొద్దున్నే లేవగానే వరసపెట్టి తుమ్ములు. 13 వేస్తే తగ్గుతుందా, లేదా ఏకంగా హెపా (చాలా సన్నని కణాల్ని కూడా ఆపే ఫిల్టర్) పెట్టించాలా? నంబర్ పెరిగితే మోటార్‌కి లోడ్ అని ఒకళ్ళు, ఏం కాదని ఇంకొకళ్ళు, ఏది నమ్మాలో అర్థం కావట్లేదు.

జవాబు 1:
డక్ట్‌లో హెపా వద్దండి. 0.3 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కణాల్ని 99.97 శాతం ఆపుతుంది నిజమే కానీ మామూలు ఇంటి బ్లోయర్‌కి (డక్ట్‌లో గాలి తోసే ఫ్యాన్) దాంట్లోంచి గాలి లాగే శక్తి ఉండదు, పాప గదిలో విడిగా హెపా ప్యూరిఫయర్ పెట్టండి. మెర్వ్ 13 అయితే 0.3 నుంచి 1 మైక్రాన్ కణాల్లో కనీసం సగం పట్టాలి, 8కి ఆ సైజులో ఏ షరతూ లేదు, పొగ లాంటివాటికి ఆ తేడా బాగా తెలుస్తుంది. అయినా లేవగానే తుమ్ములంటే నాకు పరుపు, దిండు మీదే అనుమానం. డస్ట్ మైట్స్ (పరుపుల్లో ఉండే కంటికి కనపడని పురుగులు) తాలూకు దుమ్ము గాలిలో ఎక్కువసేపు నిలవదు, కిందకి దిగిపోతుంది, ఫిల్టర్ దాకా పెద్దగా రాదు. దుప్పట్లు, దిండు కవర్లు వారం వారం 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకండి.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్ట్. నంబర్ కన్నా మందం ముఖ్యం అండీ. ఒక ఇంచులో 13 వేస్తే కొన్ని సిస్టమ్స్ తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు, గాలి తగ్గిపోయి ఎండాకాలం గాలిని చల్లబరిచే కాయిల్ మీద ఐస్ కట్టేస్తుంది, చలికాలం ఫర్నేస్ (వేడి చేసే యూనిట్) మరీ వేడెక్కి దాన్ని ఆపే లిమిట్ స్విచ్ పడి ఆగిపోతుంది. అదే 4 ఇంచులదైతే మడతలు లోతుగా ఉంటాయి, గాలి వెళ్ళడానికి చోటెక్కువ, 13 అయినా ఇబ్బంది పడదు. టెక్నీషియన్‌ని పిలిచి స్టాటిక్ ప్రెషర్ (గాలికి ఎంత అడ్డు పడుతోందో చెప్పే కొలత) కొలిపించండి, యూనిట్ మీద రాసిన లిమిట్ దాటకపోతే సరే. 4 ఇంచుల క్యాబినెట్ పడుతుందేమో కూడా అప్పుడే అడిగేయండి.

జవాబు 3:
ఒకసారి పాత ఫిల్టర్ బయటికి తీసి అట్ట ఫ్రేమ్ అంచులు చూడండి, నల్లగా చారలుంటే గాలి పక్క సందుల్లోంచి పోతున్నట్టే, అప్పుడు 13 వేసినా 8 వేసినా ఒకటే. అట్ట మీది సైజు రౌండ్ చేసి రాస్తారు, అసలుది పావు నుంచి అర ఇంచు దాకా తక్కువుంటుంది, టేపు పెట్టి కొలిచి కొనండి. బాణం గుర్తు బ్లోయర్ వైపుండాలి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ అందరికీ. ఇప్పుడే తీసి చూశా, ఒక పక్కంతా నల్లగానే ఉంది! మరి ఎన్నాళ్ళకి మార్చాలి?

జవాబు 2:
ఒక ఇంచుదైతే నెల నుంచి మూడు నెలలు, 4 ఇంచులదైతే ఆరు నెలల నుంచి ఏడాది. ముందు ఆ సందు మూయించండి.